ఏరి పెట్టిన తోడు

"ముందు దీనికి సమాధానం చెప్పు. తరవాత నీ గొట్టాల సంగతి చూద్దాం."

కుసుమకుమారి పెరుగు గిన్నె తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టింది. చెంచా ముంచి పైకెత్తింది. చెంచాతోపాటు పెరుగు కూడా జానెడు పొడవున తీగ సాగుతూ లేచింది. ఆవిడ చెయ్యి ఇంకా పైకెత్తింది. తీగ సన్నబడిందే కాని తెగలేదు.

ఛాయాదేవి తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని అలాగే నిలబడింది. ఆదివారం పొద్దున్నే ఇదొకటి. నిన్న సాయంత్రం ప్రొఫెసర్ అచ్యుతరావు అన్న మాటలే ఇంకా మింగుడుపడలేదు.

"వానాకాలం కదా అత్తయ్యగారూ. ఒక్కోసారి ఇలా అవుతుంది."

"మా కాకినాడలో వానలు పడవా? నా కాపురంలో పెరుగు తీగ సాగడం ఈ అమీర్‌పేట ఇంట్లోనే చూశాను. అదీ నీ టిఫిన్ క్యారేజీ ఫ్రిజ్‌లోకి వచ్చాకే."

టిఫిన్ క్యారేజీలో టిఫిన్ లేదు. మూతలు బిగించిన గాజు గొట్టాలున్నాయి. వాటిలో యూసుఫ్‌గూడ మురుగుకాలువలోంచి ఛాయాదేవి పట్టి తెచ్చిన బాక్టీరియా ఉంది. ల్యాబులో ఫ్రిజ్ పాడైంది. బాగు చేయించాలన్న ఫైలు ఏ సెక్షన్‌లో నిద్రపోతోందో ఎవరికీ తెలీదు. అందుకని ఆ క్యారేజీ ఇంటికొచ్చింది. అది వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో మనశ్శాంతి లేదు.

"ఆ గొట్టాలకీ పెరుగుకీ ఏ సంబంధమూ లేదు. మూతలు గట్టిగా ఉన్నాయి. పైగా అవి మురుగునీళ్ళలో బతికేవి, పాలల్లో కాదు."

"అదిగో. మురుగునీళ్ళని నువ్వే అంటున్నావు."

"ఏమండీ, మీరైనా చెప్పండి."

చలపతిరావు పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడని అనుకోవాలంతే. ఇందాకటినుంచీ పేజీ తిప్పలేదు. లక్డీకాపూల్ ఆఫీసులో వారమంతా ఫైళ్ళ వెనక కూచునే మనిషి, ఆదివారం పేపరు వెనక కూచుంటాడు.

"నన్నేం చెప్పమంటావు?" అన్నాడు పేపరు దించకుండా.

"ఏదో ఒకటి. నాది తప్పనండి, లేదా కాదనండి."

అతను ఏదీ అనలేదు. ఛాయాదేవికి ఒళ్ళు మండిపోయింది. అత్తగారి మాటలకు అలవాటుపడి చాలా రోజులైంది. ఈ మౌనానికి మాత్రం ఇంకా అలవాటు పడలేకపోతోంది.

నిన్న అచ్యుతరావు మౌనంగా లేడు. అందరి ముందూ అడిగాడు. రెండేళ్ళ కిందట ఆ బాక్టీరియా కాడ్మియం కలిపిన నీళ్ళలో వేస్తే హాయిగా పెరిగింది. కాడ్మియం అంటే మామూలు క్రిములు నిలవలేని విషం. దాన్ని తట్టుకునే జీవాన్ని పట్టుకున్నానని ఛాయాదేవి పొంగిపోయింది. ఆయనా పొంగిపోయి ఇద్దరి పేర్ల మీదా పరిశోధన పేపరు కూడా రాశాడు. ఇప్పుడు అవే గొట్టాల్లోది తీసి అదే కాడ్మియంలో వేస్తే తెల్లారేసరికి చచ్చి ఊరుకుంటోంది. ఒకసారి కాదు, ఎన్నిసార్లు చేసినా అంతే.

"అప్పుడు మీరు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చేస్తున్నది తప్పా? రేపు కాదు, ఎల్లుండి సోమవారం పరిశోధన కమిటీ ఉంది. అక్కడ తేలాలి. తేలకపోతే మీ థీసిస్ మీద నా సంతకం ఉండదు," అన్నాడాయన.

అబద్ధం అన్న మాట దగ్గరే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. అంకెలు మార్చడం ఆమెకు చేతకాదు. కాని అవి ఎందుకు మారాయో చెప్పడమూ చేతకావడం లేదు.

"నీ చదువు సంగతి నాకు తెలీదు," కుసుమకుమారి మళ్ళీ అందుకుంది. "పెరుగు సంగతి తెలుసు. పోయిన వారం ఇలాగే అయితే నేను బాగు చెయ్యలేదూ? నిన్న గుళ్ళో పురాణానికి వెళుతూ తోడు పెట్టమని నీకు చెప్పాను చూడు, అదీ నా బుద్ధి తక్కువ."

"పెట్టాను కదా."

"పెట్టావు! అడుగున ఏముందో చూశావా? చేతికి వచ్చినంత చెంచాతో తీసి పాలల్లో పడేశావు. నేను అలా పెట్టానా? పైన మీగడ పక్కకు తోసి, తీగ లేని చోటు, గట్టిగా గడ్డలా ఉన్నచోటు చూసి, అంతే ఏరి తీశాను. మర్నాడు దాంట్లోంచి ఇంకా గట్టిది చూసి ఏరాను. రోజూ ఏరితే నాలుగు రోజులకి జిగురన్నది లేకుండా పోయింది. అడుగున ఎక్కడో కాస్త మిగిలితే, నువ్వు దాన్నే వెతికి తీసినట్టు తీశావు."

ఛాయాదేవి తల తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"ఏమన్నాను, నీ బుద్ధి తక్కువ అనలేదులే, నాదే అన్నాను."

"అది కాదు. రోజూ గట్టిది ఏరితే జిగురు పోయిందన్నారు."

"పోదా మరి? ఏది తోడు పెడితే అదే కదా తోడుకునేది."

ఛాయాదేవి ఫ్రిజ్ దగ్గరికి దాదాపు పరిగెత్తింది. క్యారేజీ తీసి నేల మీద పెట్టి, గిన్నెలు విడదీసి, ఒక్కో గొట్టం కిటికీ వెలుతురుకి పట్టి వంచి చూసింది. అన్నిట్లోనూ ఒకే రకం. పొడిగా, పొందిగ్గా, గీత గీసినట్టు పెరిగిన బాక్టీరియా. ఎంత శుభ్రంగా ఉందో! అచ్యుతరావు చూస్తే మెచ్చుకునేంత శుభ్రం.

మొదటి రోజుల్లో ఇలా ఉండేది కాదు. క్రిముల్ని పెంచే గాజు ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా పెరిగినప్పుడు కొన్ని పొడిగా, గుండ్రంగా ఉండేవి. కొన్ని తడితడిగా మెరుస్తూ ఒకదాని మీదికి ఒకటి జారిపోయేవి. సూది తగిలిస్తే తీగ సాగేవి. అచ్యుతరావు ల్యాబులో చేరిన ఎవరికైనా మొదటి పాఠం ఒకటే. జిగురు కనిపిస్తే కల్తీ అనుకోండి, గుండ్రంగా, పొడిగా, విడిగా ఉన్న చుక్కనే ముట్టుకోండి అంటాడాయన. ఆమె అలాగే చేసింది. పాత గొట్టంలోంచి కొత్త గొట్టంలోకి మార్చిన ప్రతిసారీ చక్కటి చుక్క చూసి ఏరింది. ఆ జిగురేమిటో పుస్తకాల్లో చదివే ఉంది. బాక్టీరియా చక్కెర గొలుసులతో తన చుట్టూ అల్లుకునే పూత అది. వానలో గోనె కప్పుకున్నట్టు కప్పుకుంటుంది. కాడ్మియం ఆ గోనెకే అంటుకుని బయట ఆగిపోతుంది, లోపలికి దిగదు. విషం లేని గొట్టాల్లో, కడుపునిండా తిండి దొరికేచోట దానికి గోనెతో పనేముంది? అందులో గోనె వదిలేసినవాటినే తను మెచ్చుకుని ఏరింది. కప్పుకున్నవాటిని కల్తీ అని పారేసింది.

చచ్చిపోతున్నవి ఆ బాక్టీరియా కావు. తను ఏరి పెంచిన వేరే రకం.

ఆమెకు ఏడుపొచ్చింది. దాని వెంటనే నవ్వూ వచ్చింది. నేల మీద గొట్టాల మధ్య కూచుని నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"నన్ను చూసి నవ్వుతోందిరా," అంది కుసుమకుమారి కొడుకుతో.

"లేదండీ, ఒట్టు. ఇన్నాళ్ళూ నేనూ మీలాగే ఏరానండీ. అందుకే పోయింది."

"నాలాగానా? నా పెరుగుకీ నీ మురుగు పురుగులకీ పోలికా?" ఆవిడ గిన్నె తీసుకుని లేచింది. "వినరా చలపతీ. ఆ డబ్బా ఫ్రిజ్‌లోంచి వెళ్ళేదాకా నేనీ ఇంట్లో పాలూ పెరుగూ ముట్టను. రెండు అరటిపళ్ళు చాలు నాకు."

కోపం వచ్చాక కుసుమకుమారి మాట్లాడదు. వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి. అవి మొదలయ్యాయి.

చలపతిరావు ఇప్పుడు పేపరు మడిచాడు. "అమ్మకి అలా చెప్పడం అవసరమా?" అన్నాడు.

"నేనేం చెప్పాను? మీకు అర్థమైందా అసలు? రెండేళ్ళ తప్పు దొరికింది నాకు!"

"రేపటికి పనికొస్తుందా అది?"

ఆ ప్రశ్న ఆమె ఇంకా వేసుకోలేదు. గబగబా మెట్లు దిగి కిందికి వెళ్ళింది.

* * *

కింది వాటాలో ఇల్లుగలావిడ వహీదా ఉంటుంది. ఆమె తమ్ముడు జహూర్‌కి యూసుఫ్‌గూడలో చిన్న కార్ఖానా ఉంది. స్కూటర్ల నట్లకూ బోల్టులకూ తుప్పు పట్టకుండా కాడ్మియం పూత వేస్తాడు. ఆ పూత కడిగిన నీళ్ళు పోయే కాలువలోంచే ఛాయాదేవి మొదటిసారి సీసా నింపుకుంది. ఆదివారం ఉదయం జహూర్ అక్క దగ్గరికి ఖిచిడీ తినడానికి వస్తాడు. ఇవాళా వచ్చాడు.

"ఏమైంది బేటీ? పొద్దుగాల పొద్దుగాల మీది ఇంట్ల గింత లొల్లి?" అంది వహీదా. "అత్తమ్మ మల్ల గరమైందా?"

"మామూలే వహీదమ్మా. జహూర్ భాయ్, మీ కార్ఖానా కాలువలో జిగురు ఉండేది చూశారూ, గుడ్డుసొనలా? ఇంకా ఉందా?"

జహూర్ తింటున్నవాడు తలెత్తి నవ్వాడు. "ఉన్నది, ఏడికి పోతది? మోరీ మూతి కాడ మస్తు పట్టింది. ఎంత గీకినా పోతలేదు. రేపటితోని దాని ఫికర్ సుత లేదు గనీ."

"రేపేంటి?"

"పక్కింటోళ్ళు ఒకటే లొల్లి చేస్తుండ్రు, వాసన వస్తుందని. మేస్త్రి పోచయ్య పొద్దుగాల్నే వస్తనన్నడు. యాసిడ్ పోసి మొత్తం కడిగి, మోరీ అంతా కొత్తగ సిమెంటు చేస్తుండు."

ఛాయాదేవి గబుక్కున అతని ఎదురుగా కూచుంది. "ఒక్క వారం ఆపలేరా?"

"ఎట్ల ఆపుతనక్కా? మున్సిపాలిటోళ్ళకు సుత చెప్పిండ్రు. ఆపితే కార్ఖానాకే తాళం పడతది." ఆమె ముఖం చూసి కాస్త తగ్గాడు. "నీకు గా జిగురే కావాల్నా? అయితే ఇయ్యాల తీస్కపో. నేను పొద్దుగూకేదాంక ఆడనే ఉంట. బకెట్లకు బకెట్లు తీస్కపో, నాకేం జేస్కోను?"

"బకెట్లు వద్దు భాయ్. కొంచెం చాలు. కాని కాచి శుద్ధి చేసిన సీసాలు కావాలి. అవి ల్యాబులో ఉన్నాయి. ల్యాబు తాళం మా సార్ దగ్గరుంది."

"సార్ ఏడ ఉంటడు?"

"పంజాగుట్టలో."

"గింతేనా? పో మరి, అడుగు. మంచి పనికి అడుగుతున్నవ్, ఇయ్యనంటడా?" అన్నాడు జహూర్.

నిజమే కదా అనిపించింది ఛాయాదేవికి. తప్పు దొరికిందంటే ఆయనకు మాత్రం సంతోషం కాదా? ఇద్దరూ కలిసి రాసిన పేపరు. కమిటీని ఒక నెల గడువు అడిగితే చాలు. ఆయన అడిగితే కాదంటారా? ఇన్నాళ్ళకి కాళ్ళలోకి బలం వచ్చినట్టుంది. మెట్లెక్కి చీర మార్చుకుంటుంటే, చలపతిరావు స్కూటర్ తాళం తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"పద, నేను దింపుతాను."

ఆదివారం అతను స్కూటర్ తీయడమే అరుదు. ఆమె ఆశ్చర్యపోయింది, కరిగిపోయింది కూడా. ఇందాక మరీ కసురుకున్నానేమో అనుకుంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంతో దూరం లేదు. సన్నగా తుంపర పడుతోంది. వెనక కూచుని ఆమె చెబుతూనే ఉంది. జిగురు ఎలా పని చేస్తుందో, ఏ ప్రయోగం చేస్తే తేలుతుందో, జిగురున్నదాన్నీ లేనిదాన్నీ పక్కపక్కన పెట్టి కాడ్మియంలో వేస్తే ఎంత స్పష్టంగా కనిపిస్తుందో. అతను "ఊ" అంటూ నడిపాడు. సందులు తిప్పి తిప్పి తిన్నగా అచ్యుతరావు గేటు ముందు ఆపాడు. దారి ఆమె చెప్పనే లేదు.

"మీరూ రండి."

"వద్దు. నువ్వు మాట్లాడి రా."

* * *

అచ్యుతరావు వరండాలో పాత పేపర్లు పరుచుకుని ఇంట్లో అందరి బూట్లూ చెప్పులూ వరసగా పెట్టుకుని పాలిష్ చేస్తున్నాడు. అది ఆయన ఆదివారం పని. ఒక్క మరక కూడా ఆయన చేతికి అంటదని విద్యార్థులు చెప్పుకుంటారు.

"రండమ్మా. కూచోండి."

ఆమె కూచోలేదు. "సార్, తప్పు దొరికింది," అంటూ నిలబడే చెప్పేసింది. పెరుగు సంగతి, గొట్టాల సంగతి, జిగురు సంగతి. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆయన బ్రష్ మొదట నెమ్మదించింది, తరవాత ఆగింది.

"అంటే కాడ్మియం బయట జిగురులోనే చిక్కుకుంటుంది. లోపలికి పోదు. అంతేనా?"

"అంతే సార్!"

"మన పేపర్లో ఏం రాశాం?"

ఆమె ఉత్సాహం కాస్త తగ్గింది. "తట్టుకునే శక్తి కణం లోపలే ఉందని రాశాం."

"జిగురు చుక్కల్ని ఏం చెయ్యమని చెప్పాను మీకు?"

"పారెయ్యమన్నారు."

ఆయన బ్రష్ పక్కన పెట్టాడు. గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు, వాటికి ఏమీ అంటకపోయినా.

"ఛాయాదేవిగారూ, మీరు చెప్పేది నిజం కావచ్చు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. నిజమైతే నేను రాసింది తప్పు. మన ల్యాబులో గొట్టాలన్నీ అలా ఏరి పెట్టినవే కాబట్టి అవీ దండగే. ఇంకో ముగ్గురు పిల్లల పని మీతోపాటు మట్టిలో కలుస్తుంది. ఇదంతా రేపు కమిటీకి నేను చెప్పాలి. చేతిలో ఏముంది? ఒక్క ప్లేటైనా ఉందా?"

"సాయంత్రంలోగా తెస్తాను సార్. రేపు ఆ కాలువ కడిగేస్తారు, ఇవాళే తేవాలి. ల్యాబు తాళం ఇవ్వండి. నెల గడువు అడగండి, చేసి చూపిస్తాను."

"గడువు ఇప్పటికి మూడుసార్లు అడిగాను మీ కోసం. నాలుగోసారి అడిగితే ప్రాజెక్టే మూసేస్తారు." గొంతు తగ్గించాడు. "ఇంకో దారుంది. కోపగించుకోకుండా వినండి."

ఛాయాదేవి అప్పుడు కూచుంది.

"రేపు కమిటీ ముందు ఒక్క మాట అనండి. మొదటి ఏడాది నా గొట్టాల్లో బయటి క్రిమి కలిసింది, అజాగ్రత్త నాదే అని. ఆ ఏడాది ఫలితాలు పక్కన పెట్టేస్తాం. మిగిలింది చిన్న థీసిస్ అవుతుంది, అయితేనేం, థీసిసే. రేపే సంతకం పెడతాను."

"మొదటి ఏడాదివే నిజం కదా సార్?"

"కావచ్చన్నానుగా."

"నిజమైనదాన్ని కల్తీ అని నేనే చెప్పాలా? అజాగ్రత్త మనిషి అని నా పేరు మీద ఉండిపోదూ?"

"డాక్టర్ అని కూడా ఉంటుందమ్మా."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. అదే ఆమెకు భరించరానిదైంది. తిట్టి ఉంటే తిరిగి ఏదైనా అనగలిగేది.

"తాళం మాత్రం ఇవ్వండి సార్. నేను తెచ్చి పెట్టుకుంటాను. రేపటి సంగతి రేపు."

"ఆదివారం తాళం ఇవ్వను. మీకు తెలుసు." ఆయన మళ్ళీ బ్రష్ అందుకున్నాడు. తరవాత, ఇది ఇంకా ఎందుకు సాగుతోందో తెలియనివాడిలా తలెత్తాడు. "ఈ మాట మీకు కొత్తేమీ కాదనుకున్నానే. గురువారం మీ ఆయన వచ్చినప్పుడు ఇదే చెప్పాను. మీకు చెప్పలేదా?"

"ఎవరు వచ్చారు?"

"చలపతిరావుగారు. ఇక్కడే కూచున్నారు. ఎలాగైనా ఇది ముగించండి సార్, మా ఆవిడ చేత నేను ఆ మాట అనిపిస్తాను అన్నారు. అందుకే కదా నిన్న నేను సోమవారమని పట్టుబట్టింది."

లోపల ఎవరో ఆయన్ని టిఫిన్‌కి పిలిచారు. ఛాయాదేవి లేచి, నమస్కారం పెట్టిందో లేదో తనకే తెలీకుండా, గేటు దాటింది.

* * *

చలపతిరావు స్కూటర్ సీటు రుమాలుతో తుడిచి పెట్టాడు. ఆమె ఎక్కింది.   సందులు దాటి పంజాగుట్ట చౌరస్తాకి వచ్చేసరికి, గొడుగు కింద నిలబడ్డ పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. నేరుగా పోతే అమీర్‌పేట, ఇల్లు. ఎడమకు తిరిగితే శ్రీనగర్ కాలనీ మీదుగా యూసుఫ్‌గూడ. పక్కన డబుల్ డెక్కర్ బస్సొకటి గురగురలాడుతూ నిలబడింది.

"ఏమన్నారు?" అన్నాడు చివరికి.

"మీకు తెలిసిందే అన్నారు."

అతని వీపు బిగుసుకోవడం ఆమెకు కనిపించింది.

"నీ కోసమే వెళ్ళాను ఛాయా."

"నన్ను అడక్కుండా."

"అడిగితే వెళ్ళనిస్తావా? మూడేళ్ళు. ఆఫీసులో ప్రతివాడూ అడుగుతాడు, మీ ఆవిడ ఇంకా చదువుతోందా అని. ఇంట్లో నీ పక్క మాట్లాడితే అమ్మకి కోపం, అమ్మ పక్క మాట్లాడితే నీకు కోపం. ఇన్నేళ్ళలో నేను ఒక్క మాట అన్నానా?"

"అనలేదు. నాతో ఒక్క మాటా అనలేదు. ఆయనతో అన్నారు."

వాన కాస్త పెద్దదైంది. అతను తల వెనక్కి తిప్పాడు. ముఖంలో కోపం లేదు. అలిసిపోయిన మనిషి బతిమాలుతున్నట్టుంది.

"ఏముంది ఇందులో? పొరపాటైంది అనడమేగా? ఇంట్లో అమ్మ దగ్గర నువ్వు చెయ్యని తప్పులకి ఎన్నిసార్లు సరే అనలేదు? ఇదీ అలాగే అనుకో."

 ఆ సరే అన్నవన్నీ అతను వింటూనే ఉన్నాడన్నమాట. అవి తను చెయ్యని తప్పులేనని కూడా అతనికి తెలుసు. పేపరు వెనకనుంచి అన్నీ విని, ఏ ఒక్కసారీ నోరు విప్పని మనిషి, ఇవాళ వాటిని లెక్కలోకి తీసుకున్నాడు. ఇదొక్కటీ కలుపుకోమంటున్నాడు.

ఆమె స్కూటర్ దిగింది.

"ఎక్కు. వానలో ఏంటిది? అందరూ చూస్తున్నారు."

"యూసుఫ్‌గూడ తీసుకెళతారా?"

"సీసాలు లేవు, తాళం లేదు. ఏం చేస్తావు వెళ్ళి?"

"జహూర్ భాయ్ ఇంట్లో గాజు సీసా అడుగుతాను. వాళ్ళ పొయ్యి మీదే కాచుకుంటాను. రేపు ఆ కాలువ ఉండదు. ఇవాళ తీసుకోకపోతే నేను చెప్పింది నిజమని నాకు కూడా రుజువుండదు. తీసుకెళతారా?"

"తీసుకెళితే రేపు కమిటీలో ఆ మాట అంటావా?"

"అనను."

"మరేమంటావు?"

"తెలీదు. అది మాత్రం అనను."

చలపతిరావు ముందుకు తిరిగాడు. హ్యాండిల్ పట్టుకున్న వేళ్ళు చూసుకున్నాడు. "అమ్మ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు," అన్నాడు. "ఆ డబ్బా చూస్తేనే మండిపోతోంది. మళ్ళీ ఇప్పుడు కొత్తగా మురుగు పట్టుకొచ్చి ఫ్రిజ్‌లో పెడితే నేను సర్దలేను. నా వల్ల కాదు. తెచ్చేటట్టయితే ఇంటికి తేకు."

"ఇంకెక్కడ పెట్టను? ల్యాబుకి తాళం."

అతను స్కూటర్ అద్దం మీది వాననీళ్ళు వేలితో తుడిచాడు.

"అది రాకూడదంటున్నారా, దాన్ని పట్టుకుని నేను కూడా రాకూడదంటున్నారా? అదైనా తిన్నగా చెప్పండి."

పోలీసు చెయ్యి దించాడు. బస్సు కదిలింది. వెనకనుంచి ఆటోలు హారన్లు మోగించాయి. ఛాయాదేవి కదల్లేదు. స్కూటర్ పక్కనే నిలబడి అతని ముఖంలోకి చూసింది. కాదు, అలా అనలేదు అంటే చాలు. అంత చిన్న మాట. అది విని ఎక్కి కూచోవడానికి కూడా ఆ క్షణంలో ఆమె సిద్ధంగా ఉంది.

  చలపతిరావు గేరు మార్చి, నేరుగా అమీర్‌పేట వైపు వెళ్ళిపోయాడు.